ఎండ వంతు

ఆ ఎండాకాలం మా ఇంట్లోకి ఎండ రాకూడదన్నారు డాక్టరు. ఊరంతా నీడ కోసం వెతుక్కుంటూ తిరిగే రోజుల్లో మాకు మాత్రం దాన్ని మందుచీటీ మీద రాసిచ్చారు.

మా ఆడపడుచు బడిలో ఆటల టీచరు. పిల్లలు ఈల టీచరు అనేవాళ్ళు. నేను కొత్తకోడలిగా ఈ ఇంటికొచ్చేటప్పటికి తను గౌను వేసుకుని, రెండు మోకాళ్ళ మీదా చెక్కు కట్టిన దెబ్బలతో గుమ్మంలో నిలబడి, "మా అన్నయ్య నీకేం చెప్పాడో గానీ, ఈ ఇంట్లో కిటికీ పక్క చోటు నాది" అని చెప్పిన మనిషి. పెద్దయ్యాక ఎండలో నిలబడటమే ఉద్యోగం చేసుకుంది. అలాంటిదానికి ఎండ పడని జబ్బు వచ్చింది. ముందు బుగ్గల మీద ఎర్రగా పొక్కింది. ఎండకి కమిలిందనుకున్నాం. తర్వాత వేళ్ళ కీళ్ళు వాచాయి. చివరికి మూత్రపిండాల దాకా వెళ్ళిందన్నారు. ఎండ తగిలితే జబ్బు రేగుతుందన్నారు. ఉప్పు వద్దన్నారు. నీళ్ళు కూడా కొలిచి తాగమన్నారు.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. చెప్పిన మాటకి చెప్పిన అర్థం తప్ప ఇంకొకటి ఉంటుందని నమ్మని మనిషి. లిఫ్టులో ఆరుగురు అని రాసుంటే ఆరుగురే. ఏడోది చంకలో పసిపిల్ల అయినా సరే, తల్లీపిల్లల్ని దింపి గానీ మీట నొక్కరు. ఎండ వద్దంటే వద్దే. ఆ సాయంత్రమే నర్సరీల మీద కప్పే ఆకుపచ్చ వల ఒకటి తెచ్చి, రెండు పొరలు వేసి, బాల్కనీ పైఅంచుకి బోల్టులతో బిగించి నిలువునా దించేశారు. చెల్లెల్ని మధ్యగదిలోకి మార్చారు.

మా వాటాలో గదులు రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందుగదికి బాల్కనీ, వెనక వంటిల్లు, నడుమ ఈ గది. దానికున్న ఒకే ఒక్క కిటికీ, పైపులు దిగే ఇరుకు సందులోకి తెరుచుకుంటుంది. ఆ సందులో పావురాలు కూడా కాపురం పెట్టవు. 'నీడపట్టున ఉండమ్మా' అని పెద్దవాళ్ళంటే ఇదివరకు అది దీవెనలా వినిపించేది.

కొన్నాళ్ళు పడుకుని చూసింది. పుస్తకాలు చదివింది. గోడ మీద మరకల్లో జంతువుల్ని వెతికింది. ఓ రోజు మధ్యాహ్నం లోపలినుంచి ఈల వినిపించింది. పిలవడానికి గొంతు నొప్పెడుతోందని ఈల తలగడ పక్కనే పెట్టుకునేది.

"ఎవరే ఔటయ్యింది?" అన్నాను, చేతులు తుడుచుకుంటూ వెళ్ళి.

"ఇంకెవరు, నేనే. వదినా, ఈ గదిలో కదిలేది ఫ్యాను ఒక్కటే. ఆకు అనేదాని ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. పచ్చగా ఉండేది ఏదన్నా తెచ్చి పెట్టు."

"మీ అన్నకి పచ్చ చొక్కా ఉంది. తొడిగి ఎదురుగా కూర్చోబెట్టనా?"

"అన్నయ్య పెరగడు వదినా. నాకు పెరిగేది కావాలి."

నవ్వుతూనే అంది. ఆ ఆఖరి మాట దగ్గర మాత్రం నవ్వలేదు.

నాకు బోటనీలో డిగ్రీ ఉంది. పెళ్ళయ్యాక నా చేతుల మీదుగా మొలకెత్తినవి సంచి అడుగున మర్చిపోయిన బంగాళాదుంపలు మాత్రమే. అయినా చదివింది ఎక్కడికి పోతుంది. కాలేజీలో మా లెక్చరరు చెప్పిన ఉపాయం ఒకటి గుర్తొచ్చింది. ఒక తెల్లకాగితం పరిచి, దానికి జానెడు పైన చెయ్యి చాపి చూడాలి. నీడ కత్తిరించినట్టు పడితే ఆ చోట చాలా మొక్కలు పెరుగుతాయి. మసగ్గా పడితే కొన్నే. అసలు పడకపోతే ఏవీ పెరగవు, దీపం పెట్టుకోవాల్సిందే.

తన మంచం పక్కన కాగితం పరిచాం. నేను చెయ్యి చాపాను. తనూ చాపింది. కాగితం తెల్లగా అలాగే ఉంది.

"నీడలో ఉన్నవాళ్ళకి నీడ కూడా ఉండదన్నమాట" అంది.

పాత ట్యూబులైటు వెలుగులో కూడా కాస్త ఎండ గుణం ఉంటుందని డాక్టరు దాన్ని ముందే తీయించేశారు. మా ఆయన గది మూలన ఒక అల్మారా అరకి తెల్లటి ఎల్‌ఈడీ దీపం బిగించి, వెలుగు మంచం మీద పడకుండా రేకు అడ్డం పెట్టారు. పెట్టి, "దీని కింద ఎంత బరువు పెడతారు?" అని అడిగారు.

"మొక్కలండీ."

"మొక్కలే. ఎంత బరువు?"

కుండీలతో సహా బరువు చెప్పేదాకా ఆయన స్క్రూలు బిగించలేదు.

నర్సరీ ఆయన దగ్గర ఏ మొక్క ముందు నిలబడినా ఒకటే మాట. "దీనికి ఎండ అక్కర్లేదు మేడమ్."

గులాబీ చూపించాను. "దీనికి కూడానా?"

"అలవాటు చేస్తే సరి."

ముళ్ళతో ఉన్న నాగజెముడు చూపించాను.

"అది ఎడారిలోనే బతికింది మేడమ్, మీ ఇంట్లో బతకదా?"

ఆయన్ని నమ్ముకుంటే పని కాదని నేనే వెతుక్కున్నాను. ఎర్ర మరకలు, పసుపు చారలు ఉన్న ఆకులు చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ ఆ సోకుకి తగ్గ వెలుగు కూడా కావాలంటాయి. చీకటి గదిలో పెడితే చారలు పోయి నాలాగే మామూలు మనుషులైపోతాయి. నాకు కావలసింది ముదురాకు, మందపాటి ఆకు, పెరగడానికి తొందరపడని మొక్క. పెళ్ళిసంబంధం చూడ్డానికి వచ్చిన పెద్దలు కూడా అంత పరీక్షగా చూడరు. చివరికి ఒక స్నేక్ ప్లాంట్, జీజీ అనే మందపాటి ఆకుల మొక్క, పచ్చటి మనీ ప్లాంట్ ఒకటి, పీస్ లిల్లీ ఒకటి తెచ్చాను. లిల్లీ ఆ గదిలో పువ్వు పూయదని నాకు తెలుసు. ఆకుల కోసం తెచ్చాను.

"ఈ పొడుగుదాన్ని అత్తగారి నాలుక అంటారట, నర్సరీ ఆయన చెప్పాడు" అన్నాను, స్నేక్ ప్లాంట్‌ని అర మీద పెడుతూ. "ఆడపడుచు నాలుక అని పెట్టి ఉంటే ఇంకో మూరెడు పెరిగేది."

"వదిన నాలుక అని పెడితే కుండీ చాలేది కాదు."

కుండీకి గుచ్చిన అట్టముక్క తీసి చదివింది. 'తక్కువ వెలుగును తట్టుకుంటుంది.' మిగతావాటికీ అదే అట్ట, అదే మాట.

"తట్టుకోవడం అంటే ఏంటి వదినా? బతకడమేనా?"

"వెంటనే చావకపోవడం" అన్నాను. పరీక్షలో అడిగితే రాసే జవాబు అది, నోట్లోంచి జారిపోయింది. నాలుక కరుచుకున్నాను. తను మాత్రం దగ్గొచ్చేదాకా నవ్వింది.

"మా హెడ్మాస్టరు నా గురించి అందరికీ చెప్పే మాట అదే. ఆవిడ ఎండని తట్టుకుంటుందండీ, అని."

దీపం ఉన్నా సరే, వాటిని ఎప్పటికీ ఆ గదిలోనే ఉంచకూడదని, కొన్నాళ్ళు అక్కడ, కొన్నాళ్ళు బాల్కనీలో వల వెనకాల పెడితే కోలుకుంటాయని చెప్పాను. అంతే, ఆటల టీచరు లేచి కూర్చుంది. నాలుగు కుండీలని రెండు జట్లు చేసింది. స్నేక్, లిల్లీ ఒక జట్టు. జీజీ, మనీ ప్లాంట్ ఒక జట్టు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు బయటికి. ఎవరికీ వంతు తప్పకూడదు, ఎవరూ రెండు వంతులు ఆడకూడదు. మంచం మీంచి ఈల వేస్తే నేను రెండు చంకల్లో రెండు కుండీలతో బయల్దేరాలి.

"నడుం వంచకు, మోకాళ్ళు వంచు" అనేది. "ఏం డ్రిల్లు నేర్చుకున్నావో చిన్నప్పుడు."

"మా ఆటల టీచరు మంచం మీద పడుకుని చెప్పేది కాదు."

ఆకుల మీద దుమ్ము తడిగుడ్డతో తుడవడం తన పని. నీళ్ళు కూడా తనే పోసేది. "వెలుగు తక్కువైతే వాటికి దాహం కూడా తక్కువే, ఎక్కువ పోస్తే వేళ్ళు కుళ్ళుతాయి" అని చెప్పాను. తన మందుగ్లాసుతోనే కొలిచి పోసేది. "వీటికీ నాకూ ఒకే పథ్యం" అనేది. కొత్త ఆకు చుట్ట విప్పుకుంటుంటే ఇంటికొచ్చిన మా ఆయన్ని బూట్లు విప్పనివ్వకుండా పిలిచి చూపించేది. ఆయన వంగి చూసి, "ఊ, పైకే వెళ్తోంది" అనేవారు. ఆయన నోట అంతకన్నా గొప్ప మెప్పు రాదు.

ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి, ఆ తొందరలో లిల్లీని వలకి ఇవతల కాకుండా అవతల, పిట్టగోడ మీద పెట్టేశాను. గుర్తొచ్చి వెళ్ళేటప్పటికి ఆకుల మీద ఇస్త్రీపెట్టె తగిలినట్టు గోధుమరంగు మచ్చలు.

తను ఆ ఆకుల్ని వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూసింది. "నీడకి అలవాటు పడినదాన్ని ఒక్కసారిగా ఎండలో పడేస్తే ఎలా వదినా? ముందు అంచు చూపించాలి. తర్వాత సగం. తర్వాత నిండా."

"చిత్తం టీచర్" అన్నాను.

మందులతో ముఖం గుండ్రంగా ఉబ్బింది. "ముఖానికి పౌర్ణమి, చేతులకి అమావాస్య" అనేది అద్దం చూసుకుని. తర్వాత అద్దం అడగడం మానేసింది. కుండీలకి నీళ్ళు పోసే పని నాకొచ్చింది. ఈల వినిపించడం తగ్గింది. గాలి సగం బయటికీ సగం లోపలికీ పోతున్నట్టు ఒక చప్పుడు వచ్చేది, నేను దాన్నే ఈల అనుకుని వెళ్ళేదాన్ని.

ఆ నెల రిపోర్టులు పట్టుకుని మా ఆయన ఒక్కరే ఆస్పత్రికి వెళ్ళారు. తనకి అంతదూరం వెళ్ళే ఓపిక లేదు. చీకటి పడకముందే వచ్చేశారు, చేతిలో రెండు సంచులతో. ముఖం వెలిగిపోతోంది. సంచుల్లోంచి చిప్స్ పొట్లాలు, ఉప్పు బిస్కెట్లు, ఐస్‌క్రీం డబ్బా తీసి మంచం మీద పరిచారు.

"పథ్యం తీసేశారు" అన్నారు.

"ఎవరు?" అన్నాను.

"డాక్టరే. ఇంకెవరు తీసేస్తారు?"

"ఏమన్నారో అన్నది అన్నట్టు చెప్పండి."

ఆయనకి అది తేలికైన పని. "ఇక పథ్యాలేం వద్దండీ, తనకేది తినాలనిపిస్తే అది పెట్టండి, ఏం అడిగితే అది పెట్టండి, అన్నారు. రెండుసార్లు చెప్పారు. భుజం మీద చెయ్యి కూడా వేశారు." ఎప్పుడూ తలెత్తి చూడని డాక్టరు అంత ఆప్యాయంగా మాట్లాడాడని ఆయనకి ఎంతో బాగుంది.

డాక్టర్లు ఆ మాట ఎప్పుడంటారో నాకు తెలుసు. మా అమ్మప్పుడు విన్నాను. మా అత్తగారప్పుడు కూడా విన్నాను. ఆ రోజు కూడా గదిలో ఉన్నది నేనూ, గుమ్మం పట్టుకుని నిలబడిన ఈ పిల్లా. ఆయన ఏదో ఆగిపోయిన లిఫ్టులో ఉన్నారు. నాలుగు రోజుల తర్వాత ఆవిడ పోయినప్పుడు, నిన్నటిదాకా బాగానే తింది కదా అని ఆశ్చర్యపోయారు.

తలుపు దగ్గరే నిలబడిపోయాను. తను నా వైపు చూడలేదు. పొట్లం చింపి ఒక చిప్ నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఎలా ఉంది?" అన్నారు మా ఆయన.

"ఉప్పు చాల్లేదు అన్నయ్యా."

ఆయన పెద్దగా నవ్వి ఉప్పుడబ్బా తేవడానికి వంటింట్లోకి వెళ్ళారు. అంత పెద్ద నవ్వు మా ఇంట్లో విని చాన్నాళ్ళయింది. డబ్బా ఎక్కడుందని అక్కణ్ణుంచే కేకేశారు. తను అప్పుడు చూసింది నా వైపు.

"వదినా."

"ఊ."

"అడిగింది పెట్టమన్నారుగా."

"ఊ."

"అయితే నాకు ఎండ పెట్టు."

ఇంత అన్నం పెట్టు అన్నట్టే అంది.

"రేగుతుందే" అన్నాను.

"ఇంకా రేగడానికి ఏం మిగిలింది?" అంది. "అన్నయ్యకి చెప్పకు. పాపం, ఇవాళ నవ్వాడు."

ఆయన ఉప్పుడబ్బా తెచ్చారు. ముగ్గురం చిప్స్ తిన్నాం.

మర్నాడు ఆయన వెళ్ళగానే తనని ఎత్తుకుని బాల్కనీలోకి తీసుకెళ్ళాను. ఎత్తుకోవడానికి మోకాళ్ళు వంచాల్సిన అవసరం కూడా లేకపోయింది. పేముకుర్చీలో కూర్చోబెట్టి, వల కింది అంచు బెత్తెడు పైకి లాగి పట్టుకున్నాను. పొద్దుటి ఎండ ఒక చీలికలా లోపలికొచ్చి తన కాలివేళ్ళ మీద పడింది.

"ముందు అంచు" అంది.

కాలివేళ్ళు కదిలించి చూసుకుంది. వేడిగా ఉంది, అంది. నాకూ తెలుసు అన్నాను. నీకేం తెలుసు, అంది.

తర్వాత పాదాలు. ఆ తర్వాత మోకాళ్ళ దాకా. చిన్నప్పటి దెబ్బల మచ్చలు తెల్లగా అలాగే ఉన్నాయి. పక్కన ఏ జట్టు వంతైతే ఆ రెండు కుండీలు. ఆకు తుడవమని నాకు పురమాయించేది. కింద వీధిలో పిల్లలు సెలవుల ట్యూషన్‌కి వెళ్తుంటే, ఆ ఎర్రసంచీవాడు కాళ్ళు ఈడుస్తూ నడుస్తున్నాడు చూడు, అనేది. సాయంత్రమయ్యేటప్పటికి ఒళ్ళు కాలిపోయేది. బుగ్గల మీద ఎరుపు మళ్ళీ లేచింది. ఎండలకి ఇంతేలే అన్నారు మా ఆయన, వల ఇంకాస్త బిగించాలా అని చూశారు. నేను తడిగుడ్డ వేసేదాన్ని. మర్నాడు మళ్ళీ గాలి చప్పుడు లాంటి ఈల. మళ్ళీ ఎత్తుకునేదాన్ని. అది తప్పో ఒప్పో నాకు చెప్పగలిగిన మనిషి తనొక్కతే. తనకి ఆకలేసింది, నేను పెట్టాను.

వానలకి ముందు ఎండలు మరీ ముదిరిన రోజుల్లో, ఒక పొద్దున వల సగం దాకా ఎత్తి తాడుతో కట్టాను. ఎండ తన నడుం దాకా వచ్చింది. వెనక తలుపు చప్పుడైంది. మా ఆయన పానా మర్చిపోయి వెనక్కొచ్చారు.

ముందుగది మధ్యలో ఆగిపోయారు. చెల్లెల్ని, ఎత్తిన వలని, నన్ను వరసగా చూశారు.

"డాక్టరు ఎండ వద్దన్నారు కదా" అన్నారు నాతో. కోపంగా కాదు. నాకెవరో చెప్పడం మర్చిపోయారేమో అన్నట్టు.

"అన్నారు" అన్నాను.

"ఏం అడిగితే అది పెట్టమన్నారుగా అన్నయ్యా" అంది తను, తల తిప్పకుండా. "నేను ఇదే అడిగాను."

ఆ మాట ఆయనలో ఒక్కో అంతస్తే పైకెక్కడం నేను చూశాను. ఎక్కడా ఆగలేదు. పైకి చేరాక ఆయన కళ్ళు నా వైపు తిరిగాయి. డాక్టరు చెయ్యి వేసిన భుజాన్ని ఆయన తన చేత్తో పట్టుకున్నారు. నేను తల దించుకున్నాను.

గూట్లో ఉన్న పానా తీసుకుని బాల్కనీలోకి వచ్చారు. ఒక్కో బోల్టూ విప్పారు. విప్పినవన్నీ జేబులో వేసుకున్నారు. వల మొత్తం కిందికి జారింది. దాన్ని దుప్పటిలా మడతలు పెట్టి గోడవారగా పెట్టి, పని బట్టలతోనే తన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నారు. ఆ రోజు ఏ లిఫ్టు ఎక్కడ ఆగిపోయిందో ఆయన అడగలేదు.

తను కుర్చీ చేతి మీంచి చెయ్యి ఎత్తింది. గచ్చు మీద అయిదు వేళ్ళూ విడివిడిగా పడ్డాయి.

"చూడు వదినా. కత్తిరించినట్టు పడింది" అంది. "ఇక్కడైతే చాలా పెరుగుతాయి."

మొదటి వాన పడకముందే పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళు మధ్యగదిలోకి తొంగిచూసి, పిల్లని ఎండ కన్నెరగకుండా నీడపట్టున చూసుకున్నారమ్మా, అన్నారు. మంచి మాటే. నేను కాఫీలు అందించాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఆయన పొద్దున్నే పనికి వెళ్ళబోతూ మధ్యగదిలో దీపం వేసి వెళ్తున్నారు. నేను చెప్పలేదు. ఒకరోజు రెండు కుండీలు చంకల్లో పెట్టుకుని ముందుగదిలో నిలబడి ఉన్నారు. స్నేక్ ఒకటి, జీజీ ఒకటి. జట్లు కలిపేశారు.

"ఇవాళ ఎవరి వంతు?" అన్నారు.

బాల్కనీలోకి చూశాను. పేముకుర్చీ తడిసి నల్లబడింది. ఆకాశం కిందికి దిగి ఎదురింటి డాబా మీద కూర్చుంది. బాల్కనీకీ మధ్యగదికీ పెద్ద తేడా లేదు.

"ఎవరిదీ కాదు. ఎండెక్కడుంది?"

ఆయన కుండీలు దించలేదు. "మరి వీటికి?"

"తట్టుకుంటాయి" అన్నాను.

ఏది చెప్పినా ఎంత బరువు, ఎన్నేళ్ళు అని అడగనిదే వదలని మనిషి. ఎన్నాళ్ళు అని అడగలేదు. కుండీలు రెండూ జాగ్రత్తగా, మోకాళ్ళు వంచి, దీపం కింద పెట్టారు.